స్త్రీలలో సైకోపతీ, దాన్ని పోలిన వ్యక్తిత్వ రుగ్మతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను క్లినికల్ సైకాలజిస్టును. "మా చెల్లెలు సైకోపాతా?", "మా ఆవిడది బోర్డర్‌లైనా, ఇదా?" అని నెలకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. బోర్డర్‌లైన్ అన్నది ఉద్వేగాలు అదుపు తప్పే మరో వ్యక్తిత్వ రుగ్మత, దాని సంగతి కింద వివరంగా చెబుతాను. వారిలో ఎక్కువమంది ఏళ్ల తరబడి నలిగిపోయి వచ్చినవారు. కొందరు మాత్రం తీర్పు ముందే రాసుకుని, దాని కింద నా సంతకం కోసం వస్తారు. ఆ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇది చదివి ఎవరికీ మీరే రోగం పేరు పెట్టవద్దని మాత్రం ముందే వేడుకుంటున్నాను.

## మొదట వచ్చే సందేహాలు

సైకోపతీ అంటే పిచ్చా? టీవీలో "సైకో" అంటారే, అదేనా?

కాదు. తెలుగులో "సైకో" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. సైకోసిస్ అంటే మనిషికి వాస్తవంతో లంకె తెగిపోవడం. లేని గొంతులు వినిపిస్తాయి, అన్నంలో ఎవరో విషం కలిపారని గట్టి నమ్మకం ఏర్పడుతుంది. స్కిజోఫ్రీనియాలో కనిపించేది ఇదే. సైకోపతీలో అలాంటిదేమీ ఉండదు. తాను ఏం చేస్తున్నదీ, దాన్ని నలుగురూ తప్పంటారన్నదీ ఆ వ్యక్తికి స్పష్టంగా తెలుసు. తెలిసినా అది లోపల ఎక్కడా గుచ్చుకోదు. ఎదుటివారి బాధ మనసుకు అంటకపోవడం, పశ్చాత్తాపం లేకపోవడం, అలవోకగా అబద్ధాలు, మనుషులను పనిముట్లలా వాడుకోవడం, బాధ్యత పట్టని బతుకు, ఇవన్నీ ఒకే మనిషిలో చిన్న వయసు నుంచి కలిసి కొనసాగితే దాన్ని సైకోపతీ అంటారు. స్కిజోఫ్రీనియాతో బాధపడేవారిని "సైకో" అని పిలవడం వారికి చేసే ఘోరమైన అన్యాయం. వారిలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు.

ఇది మగవాళ్ల సమస్య అనుకున్నాను. ఆడవాళ్లలో కూడా ఉంటుందా?

ఉంటుంది. ఈ స్థితిని ఆధునిక వైద్యానికి పరిచయం చేసిన అమెరికన్ మానసిక వైద్యుడు హెర్వీ క్లెక్లీ తన గ్రంథాన్ని 1941లో తొలిసారి ప్రచురించారు. ఆయన వర్ణించిన రోగుల్లో స్త్రీలూ ఉన్నారు. పైకి మర్యాద, తెలివి, చక్కటి మాట. లోపల భావోద్వేగం లేని ఖాళీ. మన పెద్దలు పయోముఖ విషకుంభం అన్నది ఇలాంటి మనిషిని చూసే కావచ్చు. తర్వాత కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ దీన్ని కొలిచే పద్ధతిని తయారు చేశారు. దాన్ని ప్రధానంగా మగ ఖైదీల మీద పరీక్షించి రూపొందించారు. దాంతో సైకోపాత్ అనగానే జైలు ఊచల వెనక మగవాడి ముఖమే అందరి మనసులో నిలిచిపోయింది. స్త్రీలపై వరుసగా పరిశోధనలు మొదలైంది 1990లలోనే.

ఎంతమంది స్త్రీలలో ఉంటుంది?

చాలా తక్కువ మందిలో. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో చేసిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. అందులో గట్టి కొలమానం ప్రకారం మగ ఖైదీల్లో 7.7 శాతం, మహిళా ఖైదీల్లో 1.9 శాతం సైకోపతీ పరిధిలోకి వచ్చారు. ఉత్తర అమెరికాలో మహిళా ఖైదీల మీద జరిగిన అధ్యయనాల్లో ఈ అంకె 9 నుంచి 23 శాతం వరకు మారుతూ వచ్చింది. ఇవన్నీ జైలు లెక్కలన్నది మరిచిపోవద్దు. మామూలు ఇళ్లలో ఉండే జనాభాను తీసుకుంటే బ్రిటన్‌లో స్త్రీ పురుషులు కలిపి ఒక శాతానికి లోపే తేలారు. "మా ఆఫీసులో నలుగురు ఆడ సైకోపాత్‌లు ఉన్నారు" అని ఎవరైనా చెబితే, ఆ ఆఫీసులో వేరే సమస్య ఏదో ఉందనుకోవాలి.

గయ్యాళితనం, మొండితనం, ఎదురు మాట్లాడటం కూడా ఇందులోకే వస్తాయా?

రావు. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. గట్టిగా మాట్లాడే ఆడదానికి మనం పేర్లు సులువుగా పెడతాం. వెనకటికి గయ్యాళి అనేవారు, ఇప్పుడు సైకో అంటున్నారు. సూర్యకాంతం గారు నటించిన గయ్యాళి అత్త పాత్రలను గుర్తు తెచ్చుకోండి. అరుస్తుంది, సాధిస్తుంది, అసూయ పడుతుంది, చివరకు దెబ్బ తగిలితే ఏడుస్తుంది, తన పిల్లల కోసం కొట్టుమిట్టాడుతుంది. ఆ పాత్ర నిండా ఉద్వేగమే. సైకోపతీలో లేనిదే ఆ వేడి. ఉమ్మడి కాపురం వద్దన్న కోడలు, ఆస్తిలో వాటా అడిగిన చెల్లెలు, భర్త తప్పును నిలదీసిన భార్య, వీరెవరికీ ఆ ఒక్క కారణంతో వ్యక్తిత్వ రుగ్మత ఉన్నట్టు కాదు.

ఆడవాళ్లలో ఇది ఎలా కనిపిస్తుంది?

లోపలి సరుకు మగవారిలోనూ స్త్రీలలోనూ ఒకటే: జాలి లేకపోవడం, తప్పు చేశానన్న బాధ లేకపోవడం, మోసం. బయటికి వచ్చే తీరే మారుతుంది. వీధి కొట్లాటలు, ఆయుధాలు స్త్రీలలో తక్కువ. హాని ఎక్కువగా ఇంటి లోపల, తెలిసినవారి మధ్య జరుగుతుంది. ఒకరి మీద ఒకరికి చెప్పి బంధాలు తెంచడం, పరువు తీయడం, లేని జబ్బును అడ్డం పెట్టుకోవడం, చనిపోతానని బెదిరించి పని జరిపించుకోవడం, పిల్లలను బేరానికి వాడుకోవడం, ఒకరి తర్వాత ఒకరిని చూసుకుని వారి డబ్బు మీద బతకడం వంటివి పరిశోధనల్లో పదే పదే కనిపించాయి.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం వచ్చింది. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. ముప్ఫై దాటిన కూతురు, తల్లి, తమ్ముడు. తండ్రి పోయాక వచ్చిన బీమా సొమ్ము, తల్లి పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్, చివరకు ఆమె మెడలోని గొలుసు కూడా కూతురి చేతుల మీదుగానే పోయాయి. తల్లి చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు శ్రద్ధగా తల ఊపుతూ విని, "అమ్మ చాలా బాధపడుతోంది మేడమ్" అంది, ఎంతో మృదువుగా. ఆ వెంటనే నా బల్ల మీది క్యాలెండర్‌ను తన వైపు తిప్పుకుని, వచ్చే శుక్రవారం సెలవా అని అడిగింది. ఆమె కోపగించుకోలేదు, దొంగ కన్నీరూ పెట్టుకోలేదు. తల్లి ఏడుపు ఆ గదిలో ఫ్యాను చప్పుడులా ఆమెను దాటిపోయింది.

ఆ ఒక్క దృశ్యంతో నేను ఏ నిర్ణయానికీ రాలేదు. పదో తరగతి నాటి సంగతులు, వరుసగా వదిలేసిన ఉద్యోగాలు, రెండు ఊళ్లలో చేసిన అప్పులు, పాత స్నేహితులు చెప్పిన మాటలు అన్నీ ఒకే దారిలో నడిచాకే ఒక అభిప్రాయం ఏర్పడింది.

## దగ్గరి పోలికలున్న రుగ్మతలు

యాంటీసోషల్ పర్సనాలిటీ, సైకోపతీ ఒకటేనా?

ఒకటి కాదు, చాలా వరకు కలుస్తాయి. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 1980 నాటి మూడో కూర్పులో సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అనే పేరును స్థిరపరిచింది. కంటికి కనిపించే ప్రవర్తనకు అందులో పెద్దపీట వేశారు: చట్టాన్ని ఉల్లంఘించడం, అబద్ధాలు, కొట్లాటలు, బాధ్యతారాహిత్యం. సైకోపతీలో ప్రధానం మనసులోని లోటు. అందువల్ల సైకోపతీ ఉన్న నేరస్థుల్లో చాలామందికి యాంటీసోషల్ నిర్ధారణ సరిపోతుంది. యాంటీసోషల్ ఉన్నవారిలో ఎక్కువమంది మాత్రం సైకోపాత్‌లు కారు. పేదరికం, మత్తు, చెడు సావాసం వల్ల నేరాల్లో పడినవారికి తమ పిల్లల మీద ప్రాణం ఉండవచ్చు, చేసినదానికి కుమిలిపోవచ్చు.

స్త్రీల విషయంలో ఇంకో చిక్కు ఉంది. యాంటీసోషల్ నిర్ధారణకు 18 ఏళ్లు నిండాలి, 15 ఏళ్ల లోపే తీవ్రమైన ప్రవర్తన సమస్యలు మొదలైన దాఖలా ఉండాలి. ఆడపిల్లల్లో ఈ ప్రవర్తన తరచుగా యౌవనంలో, ఆలస్యంగా బయటపడుతుందని కొందరు పరిశోధకుల వాదన. ఇంటి గడప దాటనివ్వని పిల్లకు గొడవ చేసే అవకాశమైనా ఎక్కడిది? నియమం ప్రకారం చూస్తే అలాంటివారు లెక్కలోకే రారు.

బోర్డర్‌లైన్‌కూ దీనికీ తేడా ఏమిటి? మా ఇంట్లో చూస్తే రెండూ ఉన్నట్టే అనిపిస్తోంది.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పొరపాటు పడితే ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే.

బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతకు తొమ్మిది లక్షణాలు చెబుతారు, వాటిలో కనీసం ఐదు ఉండాలి. వదిలేసి వెళ్తారన్న భయం, ఒకరిని దేవతలా చూసి మర్నాడే శత్రువులా చూడటం, తానెవరో తనకే తెలియని అయోమయం, దుడుకుతనం, తనను తాను గాయపరచుకోవడం, గంటగంటకూ మారే మనోస్థితి, తీరని శూన్యభావం, పట్టలేని కోపం, తీవ్రమైన ఒత్తిడిలో అనుమానాలు లేదా తనలో తాను లేనట్టు అనిపించడం. ఇందులో ఉద్వేగం పొంగి పొర్లుతుంది. సైకోపతీలో ఉద్వేగానికి కొరత.

మళ్లీ వివరాలు మార్చే చెబుతాను. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చేది. స్నేహితుడు ఫోను ఎత్తలేదని ఒక రాత్రి నలభైసార్లు చేసింది. చచ్చిపోతానని సందేశం పెట్టింది, అతని తల్లికి ఫోను చేసి తిట్టింది. తెల్లవారాక అదే తల్లికి మళ్లీ చేసి, క్షమించమని గంటసేపు ఏడ్చింది. చొక్కా చేతులు పైకి మడిస్తే ముంజేతి మీద బ్లేడు గీతలు, కొన్ని మానినవి, ఒకటి పచ్చిగా. అవతలి కుటుంబం ఆమెను "ఆడ సైకోపాత్" అంటోంది. ఆమె చేసినవి వారిని బాధపెట్టాయన్నది నిజం. కానీ ఆమెకు కావలసింది ఆ అబ్బాయి డబ్బూ కాదు, అధికారమూ కాదు. తనను వదిలి వెళ్లకపోవడం.

బయటి నుంచి చూస్తే చావు బెదిరింపు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. ఒకచోట అది మునిగిపోతున్న మనిషి కేక, మరోచోట బేరం. ఏది ఏదో తేల్చడం ఇంట్లోవారి పని కాదు, అది నిపుణుల పని. తేలేవరకు ప్రతి బెదిరింపునూ నిజమైన ప్రాణాపాయంగానే తీసుకోవాలి.

బోర్డర్‌లైన్ అంటే ఆడవాళ్లలోని సైకోపతీయే అని ఎక్కడో చదివాను. నిజమా?

అంత సూటిగా చెప్పడం తప్పు. ఆ మాట పుట్టడానికి ఒక ఆధారం మాత్రం ఉంది. సైకోపతీలో రెండు రకాలున్నాయని బెంజమిన్ కార్ప్‌మన్ అనే వైద్యుడు 1940లలోనే ప్రతిపాదించారు. ప్రాథమిక రకంలో మనిషి పుట్టుకతోనే నిబ్బరంగా, భయం బెరుకు లేకుండా ఉంటాడు. ద్వితీయ రకంలో ఆందోళన, దుడుకుతనం, గాయపడిన బాల్యం కనిపిస్తాయి. కాఠిన్యం ఆ గాయం మీద కట్టిన పొక్కులాంటిది. ఈ రెండో రకానికీ బోర్డర్‌లైన్‌కూ పోలిక దగ్గరిది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, సైకోపతీకి చెందిన భావ లక్షణాలూ దుడుకు ప్రవర్తనా రెండూ కలిసిన స్త్రీలలో బోర్డర్‌లైన్ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. దాన్ని బట్టి కొందరు స్త్రీలలో ఈ రెండూ కలిసి ఉండవచ్చని చెప్పవచ్చు. బోర్డర్‌లైన్ ఉన్న ప్రతి స్త్రీనీ సైకోపాత్ అనడానికి అది ఆధారం కాదు.

ఒకే లక్షణాలకు మగవాళ్లకు ఒక పేరు, ఆడవాళ్లకు ఇంకో పేరు పెడతారా?

పెట్టారు, పెడుతున్నారు. 1989లో ఫోర్డ్, విడిగర్ అనే పరిశోధకులు 354 మంది సైకాలజిస్టులకు రోగుల కథనాలు పంపి నిర్ధారణ అడిగారు. కథనం అదే, రోగి ఆడా మగా అన్నది మాత్రం మార్చారు. యాంటీసోషల్ లక్షణాలున్న కథనమే అయినా రోగి స్త్రీ అని ఉంటే, నాటకీయతకు పెట్టింది పేరైన హిస్ట్రియానిక్ రుగ్మత వైపు మొగ్గారు. ఇందులో నాకు ఎంతో విలువైనదిగా తోచిన సంగతి మరొకటి ఉంది. ఒక్కొక్క లక్షణాన్ని విడిగా చూపి, ఉందా లేదా అని అడిగినప్పుడు ఆ పక్షపాతం కనిపించలేదు. మొత్తానికి ఒక పేరు పెట్టమన్నప్పుడే అది దూరింది. నేను నా విద్యార్థులకు ముందు లక్షణాలు రాయండి, పేరు చివరన రాయండి అని చెప్పేది ఇందుకే.

బోర్డర్‌లైన్ విషయం కూడా ఇలాంటిదే. చికిత్సకు వచ్చేవారిలో ముప్పావు వంతు స్త్రీలే అని చాలాకాలం పాఠ్యగ్రంథాలు రాశాయి. 2008లో ప్రచురితమైన అమెరికా జనాభా సర్వేలో స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడాయే కనిపించలేదు.

నార్సిసిస్ట్ అంటే ఇదేనా?

కాదు. నార్సిసిస్టిక్ రుగ్మత ఉన్నవారికి మెప్పు ఆకలి. విమర్శిస్తే గాయపడతారు, సిగ్గుపడతారు, రగిలిపోతారు. సైకోపతీ ఉన్నవారు మీరు మెచ్చినా తిట్టినా పెద్దగా పట్టించుకోరు. తమ పని జరిగిందా లేదా అన్నదే చూస్తారు. గొప్పలు పోవడం, జాలి లేకపోవడం రెండింట్లోనూ ఉండటంతో కలగాపులగం అవుతుంది.

మా అమ్మాయి ముఖంలో ఏ భావమూ కనిపించదు. తాతయ్య పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఇదేమోనని భయంగా ఉంది.

ఏడవకపోవడం ఒక్కటే దేనికీ గుర్తు కాదు. ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి ముఖం చదవడం కష్టం; అయితే ఎదుటి మనిషి బాధలో ఉన్నాడని తెలిస్తే చలించిపోతారు. సైకోపతీలో ఇది తలకిందులు: ఎదుటివారి మనసులో ఏముందో ఊహించగలరు, చలించరు. కుంగుబాటులో ఉన్నవారికి భావాలు మొద్దుబారతాయి. చిన్నతనంలో హింసను చూసినవారు ఏడుపును మింగడం నేర్చుకుంటారు. ప్రసవం తర్వాత బిడ్డ మీద ప్రేమ కలగడం లేదని కుమిలే తల్లికి కావలసింది కుంగుబాటుకు వైద్యం. ఇన్ని కారణాలు ముందుండగా అన్నిటికంటే అరుదైన దాని పేరు మొదట తలచుకోవద్దు.

అమెరికాలో ఏడుగురిని చంపిన ఐలీన్ వూర్నోస్ సైకోపాతేనా?

ఈ విషయంలో ఎక్కువగా చర్చకు వచ్చిన స్త్రీ ఆమే. 1956లో పుట్టింది. తండ్రి జైలులో ఉరి వేసుకున్నాడు. నాలుగేళ్లు నిండేలోపే తల్లి వదిలి వెళ్లడంతో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది. 14 ఏళ్లకు గర్భవతి అయింది, టీనేజీలోనే వీధిన పడి ఒళ్లమ్ముకుని బతికింది. 1989, 1990 సంవత్సరాల్లో ఫ్లోరిడాలో ఏడుగురు పురుషులను కాల్చి చంపింది. 2002 అక్టోబరులో మరణశిక్ష అమలైంది.

విచారణలో మానసిక నిపుణులు ఆమెకు బోర్డర్‌లైన్, యాంటీసోషల్ అనే రెండు పేర్లూ పెట్టారు. 2005లో వచ్చిన ఒక వ్యాసంలో పరిశోధకులు ఆమెకు హేర్ కొలమానంపై 40కి 32 ఇచ్చారు, అంటే సైకోపతీ గీత దాటినట్టే. మూడు పేర్లూ ఒకే మనిషికి, మూడిటికీ ఆధారాలున్నాయి. వ్యక్తిత్వ రుగ్మతలు వేరు వేరు డబ్బాల్లో సర్దిన సరుకుల్లాంటివి కావు. ఆమె బాల్యం చదివితే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ ఏడు కుటుంబాల సంగతి తలచుకున్నా అంతే.

## నిర్ధారణ

నెట్‌లో ఉన్న పరీక్షలో మా వదినకు 34 వచ్చింది. ఇక అనుమానం లేదుగా?

ఆ అంకెకు విలువ లేదు. పైన చెప్పిన రాబర్ట్ హేర్ కొలమానం పేరు పీసీఎల్-ఆర్. అది 1991లో వెలువడింది, 2003లో సవరించారు. అందులో 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2, మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30ని, యూరప్‌లో చాలాచోట్ల 25ను గీతగా వాడతారు. శిక్షణ పొందిన నిపుణుడు ఆ వ్యక్తితో గంటల తరబడి మాట్లాడాలి, పైగా పాత రికార్డులన్నీ చూడాలి. అబద్ధం చెప్పడమే లక్షణమైన చోట మాట ఒక్కదాన్నే నమ్మితే ఎలా? మీరు మీ వదినగారి మీద కోపంతో ఫోనులో గడులు నింపితే వచ్చేది మీ కోపం కొలతే. ఆ కోపానికి న్యాయమైన కారణం ఉండవచ్చు, దాని గురించి మాట్లాడుకుందాం. రోగం పేరు మాత్రం వద్దు.

ఆ కొలమానం ఆడవాళ్లకు సరిగ్గా పనిచేస్తుందా?

పూర్తిగా కాదు. భావాలకు చెందిన అంశాలు స్త్రీలలోనూ బాగానే పనిచేస్తాయి. ప్రవర్తన అంశాల దగ్గరే ఇబ్బంది. ఇతరుల మీద ఆధారపడి బతకడం అనేది ఒక అంశం. ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన గృహిణికి దాన్ని ఎలా అన్వయిస్తారు? విచ్చలవిడి లైంగిక సంబంధాలు మరో అంశం. మగవాడికైతే చూసీచూడనట్టు పోయే సమాజం స్త్రీకి రెండు మార్కులు వేస్తుంది. కటిక దరిద్రంలో ఒళ్లమ్ముకున్న స్త్రీకైతే అది బతుకుతెరువు. మన సమాజంలో ఈ కొలమానాన్ని వాడేవారు ఈ రెండు అంశాల దగ్గర ఆగి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

మన డాక్టర్లు చీటీ మీద "సైకోపతీ" అని రాస్తారా?

సాధారణంగా రాయరు. వైద్య వర్గీకరణల్లో అది విడి జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో వర్గీకరణలో దగ్గరి పేరు డిస్సోషల్ వ్యక్తిత్వ రుగ్మత, సంకేతం ఎఫ్60.2. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో వర్గీకరణ పాత పేర్లను చాలావరకు తీసేసింది. ముందు రుగ్మత తీవ్రత ఎంతో చెప్పి, తర్వాత ఏ స్వభావ లక్షణాలు ప్రబలంగా ఉన్నాయో రాస్తారు. బోర్డర్‌లైన్‌ను మాత్రం విడిగా సూచించే వీలు ఉంచారు. ఒక మనిషిని ఒకే పేరుతో కట్టేయకుండా ఉండేందుకు ఇది మంచి మార్పు అనుకుంటున్నాను.

మా పాపకు పదమూడేళ్లు. కుక్కపిల్లను హింసించింది, డబ్బు దొంగిలించింది, తిట్టినా చలనం లేదు. పెద్దయ్యాక సైకోపాత్ అవుతుందా?

ఇప్పుడే ఆ మాట అనకూడదు. ఏ బాధ్యతగల నిపుణుడూ ఆ వయసులో అనడు. పిల్లల్లో ప్రవర్తన రుగ్మతతో పాటు జాలి, పశ్చాత్తాపం బాగా తక్కువగా ఉంటే దాన్ని విడిగా గమనించి రాస్తారు. అలాంటి పిల్లలు అందరూ అలాగే పెరగరు. దండన వారి మీద పెద్దగా పనిచేయదు. మంచి పనికి వెంటనే దక్కే మెప్పు, తల్లిదండ్రుల ఆప్యాయత పనిచేస్తాయి. బెల్టు తీయడం ఆపండి. పాప మీద ఎవరైనా లైంగికంగా గానీ, శారీరకంగా గానీ దౌర్జన్యం చేస్తున్నారేమో చూడండి. ఈ వయసులో హఠాత్తుగా మారిన ప్రవర్తన వెనక అది ఉండే అవకాశం ఉంది. ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. పిల్లల మీద దౌర్జన్యం జరిగితే 1098కి ఫోను చేయవచ్చు.

## కారణాలు, చికిత్స

పెంపకంలో మేం తప్పు చేశామా?

చాలామంది తల్లులు ఇది అడిగి తల దించుకుంటారు. కవలలపై జరిగిన పరిశోధనల ప్రకారం ఈ లక్షణాల్లోని తేడాలకు సుమారు సగం వంశపారంపర్యం కారణం. మిగతా సగంలో ఇల్లు ఒక భాగమే. బాల్యంలో హింస, నిరాదరణ ముప్పును పెంచుతాయి, ముఖ్యంగా దుడుకుతనం ఎక్కువగా ఉన్న రకంలో. ఒకే ఇంట్లో, ఒకే పెంపకంలో పెరిగిన ముగ్గురిలో ఒకరే ఇలా తయారైన కుటుంబాలను నేను చూశాను.

దీనికి చికిత్స ఉందా?

పూర్తిగా నయం చేసే చికిత్స లేదు. "ఏదీ పనిచేయదు" అనే మాట కూడా సరికాదు. ఆ నిరాశకు ఒక చరిత్ర ఉంది. కెనడాలోని ఒంటారియోలో ఓక్‌రిడ్జ్ అనే కట్టుదిట్టమైన ఆస్పత్రిలో 1960, 70లలో మగ నేరస్థులకు గుంపు చికిత్స నడిపారు. రోగులే ఒకరికొకరు వైద్యులు, మధ్యలో మత్తు పదార్థాల ప్రయోగాలు. ఆ చికిత్స పొందిన సైకోపాత్‌లు, పొందనివారికంటే ఎక్కువగా హింసాత్మక నేరాలు చేశారని 1992 నాటి అధ్యయనం తేల్చింది. దాంతో చికిత్స చేస్తే ఇంకా ముదురుతుందన్న మాట పాతుకుపోయింది. కానీ విఫలమైంది ఆ విపరీత పద్ధతి. తర్వాత అమెరికాలోని విస్కాన్సిన్‌లో, మెండోటా కేంద్రంలో కఠిన ప్రవృత్తి గల బాలురకు దీర్ఘకాలం ఓపికగా చేసిన చికిత్స వల్ల హింస తగ్గింది. స్త్రీల మీద ఇలాంటి పరిశోధన బాగా తక్కువ. ఆ లోటు నన్ను కలవరపెడుతుంది.

బోర్డర్‌లైన్ కథ వేరు. దానికి మంచి చికిత్స ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైనహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే ఉద్వేగాలను తట్టుకునే మెలకువలు నేర్పే చికిత్స, ఆత్మహత్యా ప్రయత్నాలను, గాయపరచుకోవడాన్ని తగ్గిస్తుందని రుజువైంది. తానూ యౌవనంలో అలాంటి బాధతోనే ఆస్పత్రి పాలయ్యానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు. ఏళ్లు గడిచేకొద్దీ బోర్డర్‌లైన్ ఉన్నవారిలో చాలామంది కుదుటపడతారు. అలాంటి అమ్మాయికి "సైకోపాత్" ముద్ర వేసి తలుపు మూయడం ఎంత పాపమో ఆలోచించండి.

మందులు వాడితే తగ్గుతుందా?

సైకోపతీకి మందు లేదు. పక్కనే ఉన్న కుంగుబాటు, మత్తు అలవాటు, నిద్రలేమి, దుడుకుతనం వంటివాటికి వైద్యులు మందులు ఇస్తారు. వాటివల్ల కూడా ఇంట్లో కొంత ప్రశాంతత వస్తుంది.

## ఇంట్లో, చట్టం ముందు

పేరు ఏదైనా కానీ, ఆమె వల్ల మా కుటుంబం చితికిపోతోంది. నేనేం చేయాలి?

పేరు తేలేదాకా ఆగనక్కరలేదు. ముందు డబ్బును కాపాడుకోండి: ఉమ్మడి ఖాతాలు, పిన్ నంబర్లు, పెద్దవారి సంతకాలు, ఖాళీ చెక్కులు. హామీ సంతకం ఎవరికీ పెట్టవద్దు. మాటలు విని నిర్ణయం తీసుకోకండి, చేసిన పనులు చూసి తీసుకోండి. ఒప్పందాలు కాగితం మీద ఉంచండి. చెప్పిన హద్దు మీద నిలబడండి. ఏడుపుకో బెదిరింపుకో ఒక్కసారి కరిగితే తర్వాతి బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆమెను నలుగురిలో "నువ్వు సైకోపాత్" అని నిలదీయవద్దు, దానివల్ల ఇసుమంత మేలు కూడా జరగదు. కొట్టడం, తాళం వేసి బంధించడం నేరం. భూతవైద్యుల దగ్గరికి తిప్పవద్దు. మీ గురించి కూడా ఒక సైకాలజిస్టును కలవండి. ఇలాంటి ఇళ్లలో అందరికంటే ఎక్కువ నిద్ర పోగొట్టుకునేది సర్దిచెబుతూ తిరిగే మనిషే.

నా భార్య సైకోపాత్ అని చెప్పి విడాకులు తీసుకోవచ్చా?

హిందూ వివాహ చట్టం సెక్షన్ 13లో "సైకోపతిక్ డిజార్డర్" అనే మాట నిజంగానే ఉంది, 1976 సవరణలో చేరింది. అసాధారణమైన దౌర్జన్యానికి లేదా తీవ్ర బాధ్యతారాహిత్యానికి దారితీసే, ఎడతెగని మానసిక రుగ్మత అని అక్కడి అర్థం. ఇది వైద్యులు చెప్పే సైకోపతీతో అచ్చంగా సరిపోదు. పైగా రుగ్మత ఉందని చూపితే చాలదు; కలిసి బతకడం ఎవరికైనా కష్టమనిపించేంత తీవ్రత ఉందని రుజువు చేయాలి. 2013లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో భర్త తన భార్యకు స్కిజోఫ్రీనియా ఉందంటూ విడాకులు కోరాడు. ఆమె వైద్యురాలు, పై చదువు పూర్తి చేసి ఉద్యోగం చేస్తోంది. చికిత్సకు లొంగే జబ్బును సాకుగా చూపి వదిలించుకోలేరని సుప్రీంకోర్టు అతని వాదనను తోసిపుచ్చింది. మీ దగ్గర హింస, మోసం జరిగి ఉంటే వాటి ఆధారాలతో న్యాయవాదిని కలవండి. వాటికి వైద్యపు పేరు తగిలించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

సైకోపాత్ అని తేలితే నేరం చేసినా శిక్ష తప్పుతుందా?

తప్పదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22 ప్రకారం, మతిస్థిమితం లేక తాను చేసేదేమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవారికే మినహాయింపు. సైకోపతీలో ఆ తెలివిడి చెక్కుచెదరదు.

ఇదంతా చదివాక నాకే ఈ జబ్బు ఉందేమోనని భయం వేస్తోంది.

ఈ ప్రశ్న నన్ను అడిగేవారు దాదాపు అందరూ స్త్రీలే, ఎక్కువగా రాత్రిపూట సందేశం పెడతారు. పసిబిడ్డకు స్నానం చేయిస్తుండగా నీళ్లలో వదిలేస్తే అన్న ఆలోచన మెరిసి వణికిపోయిన తల్లి. అత్తగారు పోతే ఏడుపు రాలేదని వారాల తరబడి తనను తాను తిట్టుకున్న కోడలు. అనుకోకుండా తలలోకి దూరి భయపెట్టే ఆలోచనలు ఓసీడీలో (వద్దన్నా అవే ఆలోచనలు పదే పదే వేధించే జబ్బు), ప్రసవం తర్వాతి ఆందోళనలో మామూలుగా కనిపిస్తాయి. వాటికి చికిత్స బాగా పనిచేస్తుంది. "నేను చెడ్డదాన్నేమో" అని నిద్ర పట్టని మనిషిలో సైకోపతీ ఉండే అవకాశం చాలా తక్కువ. అయితే ఆ ఆలోచనలు మీకు ఆజ్ఞల్లా వినిపిస్తున్నా, బిడ్డను గానీ మిమ్మల్ని గానీ గాయపరచాలని నిజంగా అనిపిస్తున్నా ఆ రాత్రే ఇంట్లో ఒకరిని లేపి చెప్పండి, ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో హింస ఉంటే మహిళల సహాయవాణి 181.